అల్లె దించండి

విల్లు ఈమనడం లేదు సారూ,
అల్లె దించండి, అంతే.

నెలకోతూరి ఇదే మాట చెప్తా ఉంటి.
భాకరాపేట రేంజాఫీసులో కిటికీ పక్కన
మేకుకి తగిలిచ్చినారు దాన్ని,
లక్కముద్దర ఏసి, చీటీ కట్టి.
చీటీలో నా పేరు కూడా ఉండాది,
ముద్దాయి ఇండ్ల చెంగల్రాయుడు అని.
ఏటకి పొయ్యేటప్పుడు అల్లె ఎక్కిస్తాం,
ఇంటికి రాంగానే దించేస్తాం.
ఆ దినం నేను ఏమీ కొట్టలా,
దించకముందే దొరికిపోతి.
రెండు వానాకాలాలాయ.
గోడ మీద అది
ఊపిరి బిగబట్టుకోనే ఉండె.

"సీలు ముట్టుకుంటే నా ఉద్యోగం పోతాదయ్యా"
అనేది గుమాస్తా హైమావతమ్మ.
మంచి మనిషే. మంచినీళ్ళిచ్చేది.

ఆమెకి ఎట్ల చెప్పేది?
ఆ వెదురు నెరబైలు పైన
రాతినెర్రెలో పుట్టింది.
వంక పక్కన పెరిగింది పనికిరాదు,
తాగి తాగి పొడుగవుతాది, లోపలంతా డొల్ల.
రాతిలోది ఆకలితో పెరుగుతాది,
కణుపుకీ కణుపుకీ జానెడే.
అమాసకి నాలుగు దినాల ముందర కొట్టినా,
వెన్నెల్లో కొడితే పురుగు తింటాది.
ఏడాది పొయ్యి మీద అటకన పెడితే
వల్లెమ్మ సంగటి కెలికిన పొగంతా తాగి
పిల్లోడికి పండ్లొచ్చేనాటికి
తేనె రంగుకి తిరిగింది.
అప్పుడు సీసాపెంకుతో గీకినా.
ఒకపక్క బియ్యపుగింజంత ఎక్కువ గీకితే
అంబు ఎడమకి పోతాది,
ఇంక దాని బతుకంతా ఎడమకే.

అల్లె కిత్తనార.
కుంటలో నానేసి, బండకి బాది
తొడ మీద పేనింది మాయమ్మ.
ఆ ఎండాకాలమే పోయింది.
కోన తేనె మైనం పట్టిచ్చినా దానికి,
మూడు దినాలు ఏళ్ళు నాకితే తియ్యగుండె.

అంబులు నాలుగు.
చీటీలో ఐదని రాసుండారు,
ఐదోది వల్లెమ్మ ఊదుగొట్టం.
మూడిటికి బండిపట్టా ఇనుము ములుకులు.
నాలుగోదానికి ములికి లేదు, కట్టెబుడిపే,
కౌజుపిట్టకి చర్మం చిరగగూడదని.
ఈకలు రాలినవి, గద్దవి,
మూడూ ఒకే రెక్కవి ఉండాల.
కుడి రెక్కదీ ఎడమ రెక్కదీ కలిపి కడితే
గాల్లో అంబుకి
ఎవురి మాట ఇనాల్నో తెలీదు.

ఇంతా చేసినోడు అడిగేది
ఒక ముడి ఇప్పమని.

ముడి ఇప్పింది ఎలుక.
తేనె వాసన గదా.
నడిరేయి తుపాకి పేలినట్టు మోతంట,
వాచరు మంచం కింద దూరినాడంట.
హైమావతమ్మ పంచనామా రాసింది,
ముద్దాయి పరారీ అని మాత్రం రాయలా.
నాకు చెప్తా నవ్వింది,
నేనూ నవ్వినా, గాని
అల్లె దించడం ఏరు, తెగడం ఏరు.
దించేటప్పుడు మోకాలు ఆనిచ్చి, పసిబిడ్డని పండబెట్టినట్టు
మెల్లింగా...
ఆమెకి అదీ చెప్పలా.

పీలేరు కోర్టు మెట్ల మీద లాయరు చెవిలో అన్నాడు:
"నాది కాదని చెప్పు, కొట్టేస్తారు.
ఒక్క మాట, అంతే."
సరే అంటి.

బల్ల మీద పెట్టినారు దాన్ని.
అల్లె లేకపోయినా నిటారు కాలా.
సంకెళ్ళు తీసినా చేతులు ఎనక్కే పెట్టుకోని
నిలబడిండేవోడి మాదిరి
వంగినంత వంగే ఉండాది.

"ఇది నీదేనా?"

ఎప్పుడు ఎత్తుకున్యానో నాకే తెలీదు.
ఒక కన్ను మూసి
ఈ కొస నుంచి ఆ కొసకి చూసినా.
నడిమి కణుపు కాడ ఎంటికంత నెర్రె.
దుమ్ము. లక్క చుక్కలు.
బొటనేలు దానంతట అదే పొయ్యి
దాని గుంటలో కుదురుకునింది.

లాయరు దగ్గతా ఉండాడు.

"సామీ," అంటి,
"రవ్వంత ఆముదం దొరుకుతాదా, యాడన్నా?"